తాడేగా అనుకున్నాను

తాడు పట్టుకోవడం కూడా ఒక పనేనా అని మనస్ఫూర్తిగా నమ్మిన రోజులు నాకున్నాయి. ఆ నమ్మకంతోనే ఒక యంత్రాన్ని నీళ్ళపాలు చేశాను, ఒక స్నేహితుణ్ణి నలుగురిలో చిన్నబుచ్చాను. యంత్రం మర్నాడే దొరికింది. రెండోది మాత్రం ఇప్పటికీ సర్దుకోలేదు. ఎవరైనా ఆనాటి సంగతి అడిగితే "పాటు జోరుగా ఉంది, కేబుల్ తెగిపోయింది" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. పాటంటే పోటు తర్వాత వెనక్కి తీసే నీరు. కేబుల్ దానంతటది తెగలేదు. నేనే తెంపాను. అసలు అది తెగేలా తయారు చేయించిందీ నేనే.

మేం కాకినాడలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో సముద్రం అనగానే కుర్రాళ్ళకు ముందు గ్యాస్ గుర్తొచ్చేది. 2009 ఏప్రిల్‌లో కేజీ-డీ6లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. సముద్రం అడుగు నుంచి పైపుల్లో వచ్చే ఆ గ్యాస్ మాకు దగ్గర్లోని గాడిమొగలో ఒడ్డెక్కుతుంది. బావులున్నది వందల మీటర్ల లోతున. నీళ్ళలో పది మీటర్లు దిగితేనే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆపైన ప్రతి పది మీటర్లకీ మరో వాతావరణమంత ఒత్తిడి వచ్చి చేరుతుంది. అక్కడ వాల్వు తిప్పాలన్నా, పైపు ఎలా ఉందో చూడాలన్నా ఆర్వోవీ దిగాల్సిందే. మనిషి ఓడ మీద కూర్చుని నడిపే నీటి అడుగు రోబో అది. అలాంటిదొకటి చిన్నగా మేమే చేద్దామన్నాను. జట్టు కట్టాను. నాయకుణ్ణి నేనే అయ్యాను.

గాల్లో ఎగిరే డ్రోన్‌కు తీగ అక్కర్లేదు. నీళ్ళ సంగతి అలా కాదు. ఉప్పునీళ్ళు రేడియో తరంగాలను కాస్త దూరంలోనే మింగేస్తాయి. అందుకని కరెంటు వెళ్ళాలన్నా, కెమెరా బొమ్మ పైకి రావాలన్నా, "ఎడమకు తిరుగు" అన్న ఆజ్ఞ కిందికి పోవాలన్నా కేబులే దారి. ఆఖరికి మోటర్లు చెడిపోతే యంత్రాన్ని పైకి లాక్కోవడానికీ అదే దిక్కు. ఈ మాటలు మా రిపోర్టు మొదటి పేజీలో నా చేత్తోనే రాశాను. రాశానే గానీ వాటి అర్థం తలకెక్కలేదు.

పనులు పంచేటప్పుడు కెమెరా, ప్రోగ్రాము, జాయ్‌స్టిక్ నేనుంచుకున్నాను. పీవీసీ పైపుల చట్రం ఒకడికి, మోటర్లు ఇంకొకడికి ఇచ్చాను. ఉప్పాడ నుంచి రోజూ బస్సులో వచ్చే మా క్లాస్‌మేట్ ఒకడున్నాడు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, నేరుగా రెండో సంవత్సరంలో చేరినవాడు. వాళ్ళది వేటకెళ్ళే కుటుంబం. వైరింగ్ పని తను చేస్తానని అడిగాడు. "అది మేం చూసుకుంటాం, నువ్వు తాడు చూసుకోరా" అన్నాను. పడవలవాళ్ళ పిల్లాడు, తాడు పట్టడం వాడికి కొత్తేం కాదని లోపల అనుకున్నాను. ఆ ఆలోచనలోని వంకర అప్పుడు నాకు కనబడలేదు. వాడికి అందరికన్నా బాగా తెలిసిన పని అని నాకు తెలుసు. తెలిసే దాన్ని అన్నిటికన్నా చిన్న పనిగా లెక్కగట్టాను. వాడు చేసే పని కాబట్టి అది చిన్నదా, చిన్నది కాబట్టి వాడికిచ్చానా అని ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. ఏ జవాబు చెప్పుకున్నా తలదించుకోవాల్సిందే.

వాడు మాత్రం ఆ పనిని పనిలాగే చేశాడు. కరెంటు తీగలు రెండూ, కెమెరా కోసం నెట్‌వర్క్ కేబులూ, వాటితోపాటు ఒక నైలాన్ తాడూ కలిపి జానెడు జానెడుకీ కట్టుకుంటూ వచ్చాడు. తీగలను కాస్త వదులుగా ఉంచి, తాడును మాత్రం బిగువుగా ఉంచాడు. లాగితే ఆ బలం తాడు మీదే పడాలి, రాగి మీద పడకూడదు. కట్ట మునిగిపోకుండా, మరీ పైకి తేలకుండా అక్కడక్కడా ఫోమ్ ముక్కలు చుట్టాడు. మునిగితే అడుగున బురదలో, రాళ్ళలో చిక్కుకుంటుంది. తేలితే యంత్రం ముక్కును పైకి లేపుతుంది. చివరికి నా దగ్గరికొచ్చి, "తాడు చివర చట్రానికి ముడేస్తాన్రా. ఎప్పుడైనా లాగాల్సొస్తే చట్రం పట్టుకుని వస్తుంది" అన్నాడు. ఆ ముడి కెమెరాకు అడ్డమొస్తుందనీ, ఫొటోల్లో మోటుగా కనబడుతుందనీ వద్దన్నాను. తాడును చట్రానికి బెత్తెడు ఇవతలే కత్తిరించాం. ఆ చివరి బెత్తెడు దూరం తీగలే మోశాయి.

ఆ ముడి ఎంత అవసరమో చెప్పే నిబంధన అప్పటికే నేను చదివి ఉన్నాను. అమెరికాలో 2002 నుంచి విద్యార్థులకు మేట్ ఆర్వోవీ పోటీలు జరుగుతున్నాయి. అక్కడ కేబుల్ పై చివరా, కింది చివరా లాగుడు తీగల మీద పడకుండా కట్టు ఉందో లేదో చూస్తారు. లేకపోతే యంత్రాన్ని నీళ్ళలో దించనివ్వరు. పుస్తకంలో చదివినప్పుడు అది నిబంధన. ఉప్పాడ కుర్రాడి నోట విన్నప్పుడు అది నాకు చాదస్తంలా తోచింది.

తర్వాత మోటర్ల గొడవ వచ్చింది. పడవల్లో చేరిన నీళ్ళు తోడే పన్నెండు వోల్టుల చిన్న పంపుల మోటర్లు నాలుగు వాడాం. బల్ల మీద, మూరెడు తీగతో, నాలుగూ గిర్రున తిరిగాయి. అసలు కేబుల్ తగిలించి తొట్టిలో దించేసరికి నీరసంగా తిప్పడం మొదలెట్టాయి. బ్యాటరీ పాతదన్నాను. అందరి దగ్గరా డబ్బులు పోగేసి కొత్తది కొనిపించాను. తేడా లేదు. వాడు నోట్‌బుక్ తీసి లెక్క వేసి చూపించాడు. కేబుల్ ఇరవై మీటర్లయితే కరెంటు వెళ్ళి రావాలి కనుక నలభై మీటర్ల రాగి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగకు ఆ పొడవున దాదాపు 0.46 ఓం నిరోధం. నాలుగు మోటర్లూ తలా నాలుగు ఆంపియర్లు అడిగితే పదహారు ఆంపియర్లు. అంత కరెంటు ఆ తీగలో పారితే ఏడు వోల్టులకు పైగా దారిలోనే పోతుంది. మోటరుకు చేరేది ఐదు వోల్టుల లోపే. అందుకే అంత కరెంటు లాగే ముందే అవి చతికిలబడుతున్నాయి. తీగ లావు చేస్తే వోల్టులు మిగులుతాయి గానీ కేబుల్ బరువెక్కుతుంది, నీటి ఒరవడికి మరింత ఎదురు నిలుస్తుంది. లేదా నలభై ఎనిమిది వోల్టులు పంపి, కింద యంత్రంలో పన్నెండుకు దించుకోవాలి. అప్పుడు అదే పనికి తీగలో పారే కరెంటు నాలుగో వంతుకు తగ్గుతుంది, తీగలో వృథా పదహారో వంతుకు పడిపోతుంది. ఇదంతా వాడు నెమ్మదిగా చెప్పాడు. నేను విన్నాను. రెండు రోజుల తర్వాత మా ప్రాజెక్టు గైడ్ దగ్గర నా ఆలోచనగా చెప్పాను. వాడు పక్కనే నిలబడి ఉన్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. కెమెరా పెట్టిన యాక్రిలిక్ గొట్టంలో ఎన్నిసార్లు మూత బిగించినా నీళ్ళు కనబడేవి. ఓ-రింగులు మార్చాం, గ్రీజు పూశాం, మూత మళ్ళీ కొత్తగా చేయించాం. నీళ్ళు ఆగలేదు. ఒక సాయంత్రం వాడు గొట్టాన్ని దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి నన్ను పిలిచాడు. మూత దగ్గరంతా పొడిగా ఉంది. లోపలికొచ్చిన తీగ చివర, తొక్క తీసిన చోట, వెంట్రుకల్లాంటి రాగి పోగుల మధ్య నుంచి ఒక చుక్క ఊరుతోంది. తుడిచాడు. కాసేపటికి అక్కడే మళ్ళీ ఊరింది. పోగులు అప్పటికే పచ్చగా చిలుమెక్కాయి. కేబుల్ పొడవునా వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి, ఆరేడు మీటర్ల అవతల పై తొడుగు మీద గోటి గీతంత కోత పట్టుకున్నాడు. నీళ్ళు అక్కడ లోపలికి దూరి, పోగుల సందుల్లోంచి పాక్కుంటూ వచ్చి, మేం బిగించిన మూతలన్నిటినీ దాటి గొట్టంలో చేరుతున్నాయి. వారాల తరబడి నేను మూతతో కుస్తీ పట్టాను. తప్పు కేబుల్లో ఉండొచ్చన్న అనుమానమే నాకు రాలేదు, ఎందుకంటే కేబుల్ నా దృష్టిలో యంత్రంలో భాగమే కాదు.

ఊరి చెరువులో పరీక్ష బాగానే జరిగింది. అసలు ప్రదర్శన జగన్నాథపురం ఉప్పుటేటిలో పెట్టాం. విభాగాధిపతి వస్తారు, పత్రికలవాళ్ళు వస్తారు, ఉదయం పదకొండు గంటలకని నేనే చెప్పాను. ఆ సమయానికి నీరెలా ఉంటుందని ఎవర్నీ అడగలేదు. తీరా దించాక మా బండి, అదే మా రోబో, మునగనంది. చెరువులో సరిపోయిన బరువు ఉప్పునీటికి సరిపోదు. మంచినీళ్ళు లీటరుకు వెయ్యి గ్రాములైతే సముద్రపు నీళ్ళు వెయ్యిన్నీ పాతిక గ్రాములు. పన్నెండు లీటర్ల చోటు ఆక్రమించే బండిని ఆ నీళ్ళు దాదాపు మూడు వందల గ్రాములు ఎక్కువగా పైకి నెడతాయి. నేను కంగారుపడుతుంటే వాడు జేబులోంచి వలకు కట్టే సీసం గుళ్ళు తీసి చట్రానికి చుట్టాడు. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే తెచ్చుకున్నాడు. నేను థ్యాంక్స్ కూడా చెప్పలేదు.

"పాటు బాగా తీస్తోందిరా. నీరు నిలిచేదాకా ఆగుదాం" అన్నాడు. వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారన్నాను. దించాం. గాలికి గాలిపటం దారం బొజ్జ తిరిగినట్టు కేబుల్ ఒరవడిలో విల్లులా వంగింది. బండి మీద పడే ఒరవడి కన్నా ఇరవై మీటర్ల కేబుల్ మీద పడేదే ఎక్కువ. ఎంత తోసినా ముందుకు పోదు. నేను జాయ్‌స్టిక్ పూర్తిగా నొక్కి పట్టాను. తెర మీద ఆకుపచ్చ మసక తప్ప ఏమీ లేదు. గోదావరి పాయల ఒండ్రుతో అక్కడి నీళ్ళు ఎప్పుడూ మురికిగానే ఉంటాయి. దీపం వేస్తే ఎదురుగా ఉన్న మట్టి రేణువులే వెలిగి తెర ఇంకా తెల్లబారింది. బండి ఎటుందో, ఎటు తిరిగిందో నాకు తెలియదు. వాడికి తెలుసు. కళ్ళు నీళ్ళ మీద కూడా లేవు. రెండు చేతుల్లో కేబుల్‌ని వదులుతూ, పట్టుకుంటూ నిలబడ్డాడు. "రేవు స్తంభానికి ఒక చుట్టు పడింది. వచ్చిన దారినే వెనక్కి పోనీ, విడిపోతుంది" అన్నాడు. అందరి ముందూ వెనక్కి నడపడం నాకు ఇష్టం లేకపోయింది. "లాగు!" అని అరిచాను. "లాగితే తీగలు ఊడతాయి రా" అన్నాడు. లేచి వెళ్ళి వాడి చేతుల్లోంచి కేబుల్ లాక్కుని, బలంకొద్దీ ఒక్క గుంజు గుంజాను. తేలిగ్గా వచ్చేసింది. చివర మూడు తీగలూ ఊడి, రాగి మెరుస్తూ వచ్చింది. బండి రాలేదు.

వచ్చినవాళ్ళకు నేను చెప్పిన మాట ఇది: "తాడు సరిగ్గా పట్టుకోలేదు సార్." అంత పెద్ద అబద్ధం అంత తొందరగా నోట్లోకి ఎలా వచ్చిందో తెలియదు. ఎవరూ అనుమానించలేదు. ఎవరి మాట చెల్లుతుందో, ఎవరిది చెల్లదో నాకు అంతకుముందే తెలుసు. అందుకే చెప్పగలిగాను.

మర్నాడు నీరు నిలిచిన వేళ చూసి వాళ్ళ నాన్న పడవ తెచ్చారు. "ఎక్కడ దింపారు బాబూ? తెగేటప్పుడు నీరు ఎటు పోతోంది? చుట్టు ఏ స్తంభానికి పడింది?" అని నన్నడిగారు. నేను జట్టుకు నాయకుణ్ణి. ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. కొడుకు చెప్పాడు. ఆయన నాలుగు కొక్కేల చిన్న లంగరు దించి, తాడును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పడవను అంగుళం అంగుళం జరిపిస్తూ అడుగంతా తడిమారు. ఒకచోట ఆగి, "ఇది రాయి కాదు, పైపు" అన్నారు. పైకి తీస్తే మా పీవీసీ చట్రం. ఏ కెమెరా లేకుండా, మురికి నీళ్ళలో, రాయినీ పైపునీ తాడుతో వేరుచేసి చెప్పారు. ఆ విద్యను మా రోబోకు నేర్పాలంటే ఎన్ని సెన్సర్లు పెట్టాలో నేను ఇప్పుడు చెప్పగలను.

తర్వాత చదివేకొద్దీ నా తెలివితక్కువతనం ఎంత లోతుదో తెలిసొచ్చింది. పెద్ద ఆర్వోవీలను సాధారణంగా నేరుగా ఓడ నుంచి వదలరు. బరువైన కేబుల్‌తో ముందొక పంజరాన్ని లోతుకు దింపి, అక్కడి నుంచి సన్నటి కేబుల్‌తో ఆర్వోవీని బయటికి పంపుతారు. కేబుల్‌ని చుట్టడానికీ, వదలడానికీ ఒక ప్రత్యేక యంత్రం అన్నమాట. 1995లో మరియానా అగాధం అడుగు తాకిన జపాన్ వారి కైకో, 2003లో కేబుల్ తెగి సముద్రంలో కలిసిపోయింది. పది కిలోమీటర్ల నీటి బరువును తట్టుకున్న యంత్రం అది. 1966లో స్పెయిన్‌లోని పాలోమారెస్ దగ్గర అమెరికా బాంబర్ విమానం కూలి ఒక హైడ్రోజన్ బాంబు సముద్రంలో పడిపోతే, అది పడిన చోటు చూపించినవాడు ఫ్రాన్సిస్కో సిమో ఒర్ట్స్ అనే జాలరి. సుమారు 870 మీటర్ల లోతు నుంచి దాన్ని తెచ్చిన కర్వ్ అనే తొలినాటి ఆర్వోవీ, బాంబు పారాచూట్ తాళ్ళలో తనే చిక్కుకుపోతే, పైనున్నవాళ్ళు నిదానంగా రెండింటినీ కలిపి ఏప్రిల్ 7న పైకి చేదుకున్నారు. గుంజి ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు.

మన గోదావరి మాటే చూడండి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. ప్రాణాలతో బయటపడింది 26 మందే. నేవీ, ఎన్డీఆర్ఎఫ్ బృందాలు వచ్చాయి, సోనార్‌తో అడుగంతా గాలించారు. ఆఖరికి అక్టోబర్ 22న ఆ బోటును ఒడ్డుకు లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. లంగర్లూ, ఇనుప తాళ్ళూ వాళ్ళ పనిముట్లు. నీళ్ళలో దిగి తాడు తగిలించడానికి విశాఖ నుంచి డైవర్లు వచ్చారు. టీవీలో ఆ దృశ్యం చూస్తూ నేను కూర్చోలేకపోయాను. ఆ తాళ్ళు పట్టినవాళ్ళకు నది గురించి ఎంత తెలిసుండాలి, అలాంటి మనిషి చేతిలోంచే కదా నేను తాడు లాక్కున్నది అనిపించింది.

ఆ వారమే ఫోన్ చేసి జరిగిందంతా వాడికి చెప్పాను. లెక్క నాదని చెప్పుకున్నదీ, పదిమందిలో నింద వాడి మీద వేసిందీ, రిపోర్టులో వాడి పేరు జట్టు జాబితాలో కాక చివరి పేజీలో "సహకరించినవారు" కింద వేసిందీ. "అప్పుడే మర్చిపోయాన్రా" అన్నాడు. మర్చిపోలేదని ఇద్దరికీ తెలుసు. ఒకటి మాత్రం అన్నాడు: "కేబుల్ నా చేతిలో ఉన్నంతసేపూ బండి నాకు తెలుస్తూనే ఉంది. నువ్వు ఒక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వాడు చెప్పాడు కూడా. నేను అడగలేదు, చెబితే వినలేదు.

ఇప్పుడు నేను పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఉన్నాను. రోబోలు చేస్తామంటూ వచ్చే ప్రతి జట్టులోనూ నా లాంటి వాడొకడు కనిపిస్తాడు. జాయ్‌స్టిక్ దగ్గర వాడి చెయ్యి అప్పటికే ఉంటుంది. వాళ్ళకు ఈ కథంతా పేర్లు లేకుండా చెబుతాను, అబద్ధం చెప్పిన చోటు దాటెయ్యకుండా. చెప్పి, కొన్ని పనులు తప్పనిసరి చేస్తాను. తాడు చివర చట్రానికి ముడి పడాలి, ఆ ముడి నేను లాగి చూడాలి. పరీక్షలు మొదటి రోజు నుంచీ పూర్తి పొడవు కేబుల్‌తోనే జరగాలి. నీటి వేళ చూసి ప్రదర్శన వేళ పెట్టుకోవాలి. తాడు పట్టినవాడి పేరు రూపకర్తల్లో ఉండాలి. అన్నిటికన్నా ముందు, జాయ్‌స్టిక్ కావాలన్నవాడు ఒక పూటంతా ఒడ్డున తాడు పట్టుకుని నిలబడాలి. ఆ తర్వాత ఎవరు నడిపినా సరే, తాడు పట్టినవాడు "ఆగు" అంటే ఆగాలి. ఎందుకని అడగడం బండి పైకి వచ్చాక.